గుమ్మం ముందు పిలిచిన పేరు

నల్లకోటు వేసుకున్నవాళ్లకు భయం ఉండదని లోకం అనుకుంటుంది. నా వృత్తి జీవితమంతా శ్రీకాకుళం కోర్టుల్లోనే గడిచింది. మోకాళ్లు మొరాయించి కోటు చిలక్కొయ్యకు తగిలించేశాను. అయినా ఈరోజుకీ పొద్దున్న కోర్టు వేళయ్యేసరికి నాకు భయం మొదలవుతుంది. కేసేమీ లేదని గుర్తొచ్చాక గాని కాఫీ గొంతు దిగదు.

వకీళ్లుగా కొత్తగా ఎన్‌రోల్ అయిన పిల్లలు ఈమధ్య ఇంటికొస్తున్నారు. వాళ్లలో సగంమందికి కావలసింది క్రెడిట్ రిపోర్టుల కేసులే. "ఏ సెక్షన్ కింద వెయ్యాలి మేడమ్?" అంటారు. సెక్షన్లు ఫోన్లో దొరుకుతాయి నాయనా, నన్నడగడం దేనికి? ఫోన్లో దొరకని సంగతి ఒకటుంది. అది చెబుదామనే ఇదంతా రాస్తున్నాను.

ఈ గొడవ తెలియనివాళ్లకి ముందు రెండు ముక్కలు. మనం ఎక్కడ అప్పు చేశాం, ఎలా తీర్చాం అన్నది రాసిపెట్టే కంపెనీలున్నాయి. అప్పిచ్చినవాళ్లు పంపిన వివరాలన్నీ కలిపి, ఒక్కో మనిషి పేరు మీద ఒక్కో ఫైలు కడతారు. ఆ ఫైల్లో తప్పు పడిందంటే ఇల్లు కొనలేం, బండి కొనలేం, కొన్నిచోట్ల ఉద్యోగం కూడా రాదు. అడగబోతే కంపెనీ వాళ్లు బ్యాంకుని అడగమంటారు, బ్యాంకు వాళ్లు కంపెనీని అడగమంటారు. మాట్లాడ్డానికి మనిషి దొరకడు. తిట్టుకుందామన్నా ఎదురుగా ఒక మొహం ఉండాలి కదా!

ఎవరంటే భయం?

మా సీనియరుగారిది సంగీతం వాళ్ల ఇల్లు. తండ్రిగారు గుళ్లో కీర్తనలు పాడేవారు. ఈయనకి గొంతు రాలేదు, ఆ కసి మాత్రం వచ్చింది, అదంతా జూనియర్ల మీద తీర్చుకునేవారు. నేను మొదటిసారి రాసిన దావా చదివి, "ఏమ్మాయ్, ఇది దావానా, ఆదివారం మీ పాస్టరుగారు చేసే ప్రార్థనా?" అన్నారు. మాది బాప్టిస్టు కుటుంబం. అమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. ఆ మాటకి చాలారోజులు ఉడికిపోయాను. తర్వాత తీసి చదువుకుంటే దాన్నిండా "దయచేసి", "కరుణించి" అన్నవే ఉన్నాయి. ఆయన అన్నదాంట్లో తప్పులేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒకే ఒక్కటి. ఎవరొచ్చినా "ఏం జరిగింది?" అని అడిగేవారు కాదు. మంచినీళ్లిచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, "నీకు ఎవరంటే భయం?" అని అడిగేవారు. కొందరు నవ్వేవారు, కొందరికి కోపమొచ్చేది. తమ్ముడితో పొలం తగాదా అని వచ్చిన ఒకాయన చాలాసేపు ఆలోచించి, తమ్ముడి భార్య అంటే భయమన్నాడు. ఆ తగాదాకి మూలం ఆవిడేనని తర్వాత తేలింది. నేను సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు.

గెలిచామని ఎవరికి చెప్పాలి?

విజయనగరంలో టిఫిన్ సెంటరు నడిపే ఒకాయన వచ్చాడు. తీర్చేసిన అప్పు ఇంకా బాకీ ఉన్నట్టే రిపోర్టులో కనిపిస్తోంది. ఊరి సెంటర్లో మంచి కొట్టు ఖాళీ అయింది, దాన్ని పట్టుకోవడానికి లోను కావాలి. నేను బ్యాంకు ఒక్కదాని మీదే కేసు వేశాను. తప్పు వాళ్లదే కదా అనుకున్నాను. గెలిచాం. ఆయన స్వీట్లు కూడా తెచ్చాడు. బ్యాంకు వాళ్లు తమ దగ్గరున్న లెక్క సరిచేసుకుని ఊరుకున్నారు. ఫైలు పెట్టుకున్న కంపెనీ దగ్గర తప్పు తప్పుగానే ఉండిపోయింది. ఈలోగా కొట్టు ఎవరో పట్టుకుపోయారు.

"మేడమ్, గెలిసీసేవన్నారు కదా. మరి ఆ మాట ఎవులికి సెప్పాలి?" అని అడిగాడాయన. ఆ గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాబట్టి అప్పిచ్చినవాళ్ల మీదా, ఫైలు కట్టినవాళ్ల మీదా, ఇద్దరి మీదా వెయ్యండి. వేసేముందు ఇద్దరికీ రాయండి, రసీదు దాచుకోండి, చట్టం వాళ్లకిచ్చిన గడువు దాటేదాకా ఓపిక పట్టండి. ఇంకొకటి. తనది కాని అప్పు భయపడి ఒక్క వాయిదా కూడా కట్టొద్దని క్లయింటుకి మొదటిరోజే చెప్పండి. ఈ చివరి మాట ఎందుకంటున్నానో కోటబొమ్మాళి వాళ్ల కేసు చెబితే తెలుస్తుంది.

గౌరి

వాళ్లు ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. కోటబొమ్మాళి దగ్గర పల్లె, వరి పండించుకునే కుటుంబాలు. గౌరి అనే అమ్మాయి బ్యాంకు పరీక్ష పాసై క్లర్కుగా ఎంపికైంది. ఉద్యోగంలో చేరబోతే, క్రెడిట్ రిపోర్టు బాగాలేదని ఆపేశారు. ఆడవాళ్ల గుంపులకి చిన్న అప్పులిచ్చే ఒక ప్రైవేటు కంపెనీకి ఆ పిల్ల బాకీ ఉన్నట్టు అందులో ఉంది. గౌరి జన్మలో ఎక్కడా అప్పు చేసింది కాదు. కంపెనీకి రాసింది, ఫైలు కట్టినవాళ్లకి రాసింది. "పరిశీలించాం, వివరాలు సరిగానే ఉన్నాయి" అని జవాబొచ్చింది. బ్యాంకు వాళ్లు గడువు ఒకసారి పొడిగించారు. ఇంకోసారి పొడిగించేది లేదని తేల్చి చెప్పారు. ఆలోగా రిపోర్టు మారకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

"మా అమ్మ" అంటూ గౌరి కుర్చీలో కూర్చున్న లావుపాటి ఆవిణ్ణి చూపించింది. ఆవిడ పేరు చిన్నమ్మడు. గడప దగ్గరే నిలబడిపోయిన బక్కపల్చటి ఆవిణ్ణి, "మా పిన్ని, దాలమ్మ. పక్కిల్లే" అంది.

నా ప్రశ్న నేనడిగాను. గడువంటే భయమంది గౌరి. "నాకెవులన్నా భయం నేదు" అంది చిన్నమ్మడు, అవసరమైనదానికంటే గట్టిగా. దాలమ్మ గడప అవతలికి జరిగింది. ఇంకోసారి అడిగితే, నేల చూస్తూ అంది.

"పేరెట్టి పిలిసేవోళ్లంటే భయమమ్మా."

గౌరి రాసిన ఉత్తరం మీది చిరునామా పట్టుకుని, అప్పు కంపెనీ తాలూకు మనుషులిద్దరు ఒకరోజు పొద్దున్న బండి మీద వచ్చారట. దాలమ్మ ఇంటి గుమ్మం ముందు నిలబడి "గౌరీ, బయటికి రా" అని వీధి వీధంతా వినబడేలా అరిచారట. దాలమ్మ లోపలికెళ్లి, చెవి దిద్దులు తీసి కొంగులో ముడేసుకుని, తాకట్టు పెట్టి ఒక వాయిదా కట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ అప్పు ఈ పిల్లది కాదని నీకు తెలుసు కదా. ఎందుక్కట్టావు?" అన్నాను.

"తెలుసమ్మా. గాని ఆళ్లు గుమ్మంలో నిలబడి పేరెట్టి పిలస్తన్నారు. ఆపండి బాబూ అంటే ఆపలేదు. డబ్బులిస్తే ఆపినారు."

నేనిచ్చిన నోటీసుకి కంపెనీ జవాబులో సరిగ్గా ఆ వాయిదానే పట్టుకున్నారు. అప్పు వీళ్లది కాకపోతే ఆ ఇంట్లోంచి వాయిదా ఎందుకు కడతారని అడిగారు. నిజమే, నేను అటువైపు ఉన్నా అదే అడుగుతాను. ఆ జవాబు చదివాక నాకు మొదటిసారి ఈ కేసు ఓడిపోతామేమోనని భయం వేసింది.

తవుడు

అప్పు తీసుకున్న పేరు గౌరీశ్వరి. ఎవరీ గౌరీశ్వరి అంటే, చిన్నమ్మడు "నా కూతురే" అని అక్కడితో నోరు మూసేసింది. మిగతాది గౌరి చెప్పింది. ఇంట్లో ఈశ్వరి అంటారు, అక్క అవుతుంది. మొగుడు కొన్న ఆటో బోల్తాపడి వాయిదాలు ఆగిపోయాయి. అప్పు మనుషులు రోజూ వచ్చి ఇంటిముందు కూర్చునేసరికి, ఈశ్వరి ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. అప్పిచ్చినప్పుడు కంపెనీ వాళ్లు పాన్ కార్డు అడగలేదు, ఓటరు కార్డుతో సరిపెట్టారు. ఫైలు కట్టే కంప్యూటరుకి దొరికినవి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. మిగతా మూడూ అక్షరం తేడా లేదు.

"తేదీ కూడా ఒకటేనా? కవలలా మీరు?" అన్నాను.

బస్సు వేళయిందంటూ ముగ్గురూ ఒకేసారి లేచారు. తర్వాత కొన్నాళ్లకు దాలమ్మ ఒక్కర్తీ వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికొచ్చి, కుర్చీ ఉన్నా కింద కూర్చుంది.

దాలమ్మకి మొదటి ఇద్దరు బిడ్డలూ పురిటి పచ్చి ఆరకుండానే పోయారు. మూడో కానుపులో ఆడపిల్ల. ఈ పిల్లయినా దక్కాలంటే అమ్మెయ్యమన్నారు పెద్దలు. బిడ్డను చేటలో పడుకోబెట్టి పక్కింటి గుమ్మంలో పెట్టింది. చిన్నమ్మడు కుంచెడు తవుడు పోసి కొనుక్కుంది. మా వైపు ఇది ఎరగనివాళ్లుండరు. ఊరికో తవిటయ్య, వీధికో తవిటమ్మ ఉంటారు. ఎవరింట్లోనైనా ఆ ముచ్చట పేరుతోనే ఆగిపోతుంది. బిడ్డ మళ్లీ కన్నతల్లి దగ్గరే, కన్నతల్లి బిడ్డగానే పెరుగుతుంది.

దాలమ్మ అక్కడ ఆగలేదు. పాలిచ్చింది, పెంచింది, తన ఇంట్లోనే పడుకోబెట్టుకుంది, కానీ ఒక్కసారి కూడా "నా కూతురు" అనలేదు. తనని పిన్ని అని పిలవడం నేర్పింది. బడిలో వేసేనాడు చిన్నమ్మడి మొగుడు రాములు ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకెళ్లాడు. మేష్టారు ఇద్దరికీ ఒకే తండ్రి పేరు, ఒకే తేదీ రాసేశారు. దాలమ్మకి అది విని గుండె కుదుటపడిందట.

"యముడొచ్చి దాలమ్మ కూతురేదని అడిగినాడనుకోమ్మా. దాలమ్మకి కూతురే నేదు. మరేటి సేస్తాడు, తిరిగెల్లిపోవాల."

నవ్వొచ్చింది నాకు. వెంటనే సిగ్గేసింది. మా అమ్మ ఆసుపత్రిలో పురుళ్లు పోసేది. పోయిన పసిగుడ్డుని బట్టలో చుట్టి తల్లి చేతికిచ్చేటప్పుడు ప్రార్థన చేసేది. ప్రార్థన అయ్యాక కూడా ఆ తల్లులు తలుపు వైపే చూస్తూ ఉండేవారని చెప్పేది. ఇన్నేళ్లూ యముడి కంట పడకుండా దాచుకున్న పిల్ల కంప్యూటరు చేతికి చిక్కింది. ఎవడో వచ్చి గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిచాడు. ఆవిడ జీవితమంతా ఏ పిలుపుకి భయపడిందో అది వచ్చేసిందనుకుంది. దిద్దులు కాదు, ఇల్లడిగినా ఇచ్చేసేది.

కేసుకి సులువైన దారి ఒకటుంది. గౌరి నా కడుపున పుట్టింది, ఈశ్వరి వేరే ఆవిడ కూతురు అని దాలమ్మ ప్రమాణం చేసి చెప్పాలి. ఆ మాట అనగానే దాలమ్మ రెండు చేతులూ జోడించింది.

"నన్ను సంపీయండి గాని ఆ మాట నా సేత అనిపించకండమ్మా. పిల్లకి పెళ్లయి, అప్పకి సీరెట్టి, మళ్లీ కొనుక్కున్నాక అంటాను. ముందంటే ఏటైపోద్దో!"

అప్ప అంటే చిన్నమ్మడు. వరసకి అక్క.

ఇంకో భయం ఉంది, అది నాది. గౌరి సర్టిఫికెట్లన్నిటిలో తండ్రి పేరు రాములనే ఉంది. కాదని కోర్టు కాగితంలోకి ఎక్కితే, బ్యాంకు వాళ్లు సర్టిఫికెట్లు తిరగేసి కొత్త పేచీ మొదలెట్టొచ్చు. రిపోర్టు దిద్దబోయి ఉద్యోగానికే ఎసరు తెస్తానేమోనని నాకు తిండి సయించేది కాదు. పద్ధతి ప్రకారం నడుచుకుంటే పనైపోతుందని మనం జూనియర్లకి చెబుతాం. పద్ధతి ప్రకారం నడుచుకుని కొంప ముంచిన కేసులు కూడా ఉన్నాయి.

గేటు బయట

మిగిలిన దారి ఈశ్వరి. ఆ పిల్ల వచ్చి అప్పు నాదే అంటే ఎవరు ఎవరి కూతురో ఎవరికీ అక్కర్లేదు. మనుషులు ఇద్దరని తేలితే చాలు. ఎక్కడుందో తెలియదని చిన్నమ్మడు ఎన్నోసార్లు ఒట్టేసింది. ఆవిడకి తెలుసని దాలమ్మకి తెలుసు.

"అయితే నువ్వే అడగొచ్చు కదా" అన్నాను.

"నానెలా అడగనమ్మా? పిల్లని కొన్నది ఆవిడ. నా కడుపు కాసిందీ ఆవిడే. ఇప్పుడు ఆవిడ కన్నపిల్లని ఆళ్లకి అప్పగించీమంటానా? ఆ హక్కు నాకు నేదు."

చిన్నమ్మణ్ణి నేనే పిలిపించాను. గడువు దగ్గరపడిందనీ, ఈశ్వరి రాకపోతే గౌరి ఉద్యోగం మీద ఆశ వదులుకోవాలనీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ భగ్గుమంది.

"అదొస్తే ఆళ్లు ఈడుసుకుపోతారు! జుట్టట్టుకుని వీధిలోకి లాగుతావన్నారు దాన్ని. మీరాపగలరేటి?"

ఇక్కడ మనవాళ్లందరం చేసే పని ఒకటుంది. "నేనున్నాను కదమ్మా, భయపడకు" అనేస్తాం. అలవాటుగా నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను.

"వినియోగదారుల కమిషన్ హాల్లో ఉన్నంతసేపూ ఎవరూ ముట్టుకోకుండా చూస్తాను. ముందే అర్జీ పెడతాను. గేటు బయట మాత్రం నాకూ భయమే" అన్నాను.

"మీకూనా?"

"నాకూనే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కూతుర్ని తీసుకొస్తాననలేదు, తీసుకురాననలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నా భయం బయటపెట్టుకుని ఉన్న ఒక్క ఆశా చెడగొట్టుకున్నానేమోనని ఆ తర్వాత చాలా మథనపడ్డాను.

ఇద్దరు

వినియోగదారుల కమిషన్‌లో మామూలుగా సాక్ష్యమంతా అఫిడవిట్ల మీదే నడుస్తుంది. ఈ కేసులో మాత్రం తీర్పు చెప్పే ప్రెసిడెంటుగారు మనుషుల్ని రమ్మన్నారు. ఆ విచారణ రోజు ఆటో దిగుతూనే చూశాను. గేటు పక్కన బండి ఆపుకుని ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకడు పళ్లు కుట్టుకుంటూ వచ్చేపోయే ఆడవాళ్ల మొహాల్లోకి చూస్తున్నాడు. గౌరి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాలమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. చిన్నమ్మడు వాళ్లతో రాలేదు.

కంపెనీ తరఫు వకీలు విశాఖ నుంచి వచ్చాడు. కుర్రాడు, చురుకైనవాడు. అతని వాదనలో లోపం లేదు. తండ్రి ఒకడే, తేదీ ఒకటే, ఊరు ఒకటే, వాయిదా కూడా ఆ ఇంటి వాళ్లే కట్టారు, కాబట్టి ఇది ఒక మనిషి రెండు పేర్లతో ఆడుతున్న నాటకం అన్నాడు. "గౌరీశ్వరి అనే ఇంకొక మనిషి ఉంటే ఎక్కడున్నారు సార్? మా వాళ్లు వెతకని చోటు లేదు" అన్నాడు. ఫైలు కట్టిన కంపెనీ వకీలు తెరమీద కనిపిస్తూ, అప్పిచ్చినవాళ్లు పంపిందే మేం ఎక్కించామని చేతులు దులుపుకున్నాడు.

ప్రెసిడెంటుగారు నావైపు చూశారు. లేచి నిలబడ్డాను. చెప్పడానికి నా దగ్గర కాగితాలున్నాయి గాని మనిషి లేదు. కంప్యూటరు పేర్లు ఎలా కలిపేస్తుందో వివరిస్తూ కాలం సాగదీశాను. గౌరి తల దించుకుంది. ఆ పిల్లకి విషయం అర్థమైపోయిందని నాకు తెలిసింది.

అప్పుడు వెనకాల తలుపు చప్పుడైంది. చిన్నమ్మడు లోపలికొచ్చింది. ఆవిడ చేతిలో ఒక సన్నటి పిల్ల చెయ్యి ఉంది. ఇద్దరూ వెనక గేటు నుంచి చెట్ల కిందుగా వచ్చారట. ఇన్నాళ్లూ ఈశ్వరి గరివిడిలో ఒక మెస్సులో వంటపని చేసుకుంటోందని తర్వాత తెలిసింది. చిన్నమ్మడు పిలిచేదాకా ఆగలేదు. నేరుగా ముందుకొచ్చి దణ్ణం పెట్టింది.

"బాబూ, నాకిద్దరు కూతుళ్లు. ఒకదాన్ని కన్నాను, ఒకదాన్ని కొన్నాను. అప్పు నాను కన్నదానిది. కొన్నదానికేటీ తెలదు."

అవతలి వకీలు చటుక్కున లేచాడు. "కొన్నావా? కొనడమంటే ఏమిటి?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబొస్తే దాలమ్మ బయటికొస్తుంది, సర్టిఫికెట్లు బయటికొస్తాయి, ఉద్యోగం పోతుంది. వెనక బెంచీలో దాలమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

"సార్, ఈ కేసులో తేలాల్సింది ఒక్కటే. మనుషులు ఒకరా, ఇద్దరా? మిగతాది ఎవరికీ అక్కర్లేదు" అన్నాను. ఎలా అన్నానో నాకు తెలియదు.

ప్రెసిడెంటుగారు పెద్దవారు, ఈ జిల్లా మనిషే. చిన్నమ్మణ్ణి చూశారు. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరమ్మాయిల్నీ చూశారు. వెనక బెంచీ వైపు కూడా ఒకసారి చూశారని నా అనుమానం.

"నాకు ఇద్దరే కనిపిస్తున్నారు. మీకు ఒకరే కనిపిస్తున్నారా?" అని ఆ వకీలుని అడిగారు.

అతను కూర్చున్నాడు. ఈశ్వరి వేలిముద్ర, కార్డు చూశారు. అప్పు కాగితాల మీద ఫోటో చూశారు. "ఆ అప్పు నాదే బాబూ" అంది ఈశ్వరి. "ఎగ్గొట్టాలని కాదు. భయమేసి ఎల్లిపోనాను. కూలి డబ్బుల్లో కొంచెం కొంచెం కట్టుకుంటాను, మా ఇంటిమీదికి రావద్దని సెప్పండి." ఇక మీదట వసూలుకి మనుషుల్ని ఇళ్ల మీదికి పంపకూడదని, ఏం చెప్పాలన్నా రాతలోనే చెప్పాలని ప్రెసిడెంటుగారు అక్కడికక్కడే ఆదేశం రాయించారు.

కూర్చునేముందు నేను ఒక మనవి చేసుకున్నాను. తీర్పులో ఇద్దరూ వేరువేరు మనుషులని రాస్తే చాలు, రికార్డులో ఉన్నదానికి మించి ఎవరి బిడ్డ ఎవరన్నది రాయనక్కర్లేదన్నాను. ఆయన తలూపారు.

మీరు నిజం దాచారని ఒక జూనియరు నాతో అన్నాడు. అబద్ధం ఎక్కడాడానో చూపించమన్నాను. కేసుకి అక్కర్లేని నిజాన్ని పట్టుకుని ఒక తల్లి గుండె మీద గుద్దడం వకీలు పని కాదు. నా అభిప్రాయం ఇదే, ఇది నచ్చనివాళ్లు వేరే సీనియర్ని చూసుకోవచ్చు.

బయటికి రావాలి కదా. బండి గేటు దగ్గరే ఉంది. ఈశ్వరికి ఒకపక్క చిన్నమ్మడు, ఒకపక్క గౌరి, ముందు నేను నడిచాం. వాళ్లలో ఒకడు ఈశ్వరిని గుర్తుపట్టి ఇటు కదిలాడు. ఆదేశం గురించి చెబుదామంటే మాట పెగల్లేదు. అంతలో మా వెనకే వస్తున్న విశాఖ వకీలు వాళ్ల దగ్గరికెళ్లి ఏదో అన్నాడు. ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు. మంచితనంతో అన్నాడో, ఆదేశం చూసి భయపడి అన్నాడో నాకు తెలియదు. ఏదైనా సరే, ఆ కుర్రాడు చల్లగా ఉండాలి.

తీర్పు

గడువు ముగిసేలోపే తీర్పొచ్చింది. ఇద్దరూ వేరువేరు మనుషులు, గౌరి ఫైల్లోంచి ఆ అప్పు తీసెయ్యాలి, అప్పిచ్చినవాళ్లూ ఫైలు కట్టినవాళ్లూ ఇద్దరూ నష్టపరిహారమివ్వాలి. కాపీ చేతికందగానే వరండాలో బల్ల మీద కూర్చుని చదివాను. మామూలుగా ఎవరైనా ఆఖరి పేజీ ముందు చూస్తారు. నేను మొదటి పేజీ నుంచి వేలు పెట్టి వెతుక్కుంటూ వెళ్లాను, దాలమ్మ పేరు ఎక్కడైనా పడిందేమోనని. ఎక్కడా లేదు.

అప్పుడు దాలమ్మ ఇంటికి ఫోను చేశాను. గౌరి బజారుకెళ్లిందట, దాలమ్మే తీసింది. "ఎవులు?" అంది. ఆ గొంతులో అదే భయం.

"గౌరి గెలిచింది" అందామని నోరు తెరిచాను. పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నేను బాప్టిస్టు నర్సు కూతుర్ని. యముడూ చేటా తవుడూ నమ్మేదాన్ని కాదు. అయినా ఆ ఇంట్లోకి ఆ పేరు పెట్టి కేకెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

"మీ అప్ప పిల్ల గెలిచిందమ్మా" అన్నాను.

అవతల ముక్కు చీదిన చప్పుడైంది.

"అవునా అమ్మా," అంది దాలమ్మ, "పోనీలెండి, ఎవులి పిల్లైతేనేటి, సల్లగుంటే సాలు."